న్యూయార్క్ లిబర్టీ: ఖాళీ కుర్చీల నుంచి 45 కోట్ల డాలర్ల దాకా

పద్నాలుగేళ్లుగా నా పని టికెట్లు అమ్మడం. హైదరాబాద్‌లో కబడ్డీ, వాలీబాల్, బ్యాడ్మింటన్ పోటీలకు ధర నిర్ణయించడం, స్పాన్సర్లను పట్టుకురావడం, రాత్రి గేటు దగ్గర కూర్చుని లెక్క తేల్చుకోవడం. కాలేజీ రోజుల్లో నేను బాస్కెట్‌బాల్ ఆడాను, జిల్లా జట్టుకి పాయింట్ గార్డుని. అందుకే ఆడవాళ్ల ఆటను వ్యాపారంగా నిలబెట్టినవాళ్ల లెక్కలు ఎక్కడ కనబడినా కూర్చుని చదువుతాను. అన్నిటికంటే ఎక్కువసార్లు తిరగేసింది అమెరికాలోని మహిళల బాస్కెట్‌బాల్ జట్టు న్యూయార్క్ లిబర్టీ లెక్క.

మన దగ్గర నిర్వాహకులు ఎప్పుడూ ఒక మాట అంటారు: "ముందు అమ్మాయిలు గెలవనివ్వండి మేడమ్, జనం వాళ్లంతట వాళ్లే వస్తారు." లిబర్టీ విషయంలో జరిగింది దానికి తలకిందులు. జనం రాగలిగిన చోటికి ఆటను ముందు తెచ్చారు, దానికో ధర పెట్టారు, అయిదేళ్లు నష్టం భరించారు. కప్పు ఆ తర్వాత వచ్చింది.

చిరునామా మారితే ఏమవుతుంది

1997లో అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ మొదలైనప్పుడు ఉన్న ఎనిమిది జట్లలో లిబర్టీ ఒకటి. లీగ్ చరిత్రలో తొలి మ్యాచ్ ఆడింది కూడా ఈ జట్టే. ఆ ఏడాది జూన్ 21న లాస్ ఏంజెలెస్ వెళ్లి అక్కడి స్పార్క్స్‌ను 67-57తో ఓడించింది. సొంత ఇల్లు మన్‌హట్టన్‌లో, నగరం నడిబొడ్డున ఉన్న మేడిసన్ స్క్వేర్ గార్డెన్ హాలు. తొలి ఏడాదే సగటున 13 వేలకు పైగా జనం వచ్చారు, 2001 నాటికి ఆ సగటు 15 వేలు దాటింది. 1999 ఫైనల్స్‌లో టెరెసా వెదర్‌స్పూన్ ఆఖరి క్షణంలో సగం కోర్టు అవతల నుంచి విసిరిన బంతి బుట్టలో పడింది. ఆ మ్యాచ్ గెలిచారు, సిరీస్ మాత్రం పోయింది. 1997, 1999, 2000, 2002లో నాలుగుసార్లు ఫైనల్స్‌కి వెళ్లారు. కప్పు ఒక్కసారీ రాలేదు.

2017 నవంబర్‌లో అప్పటి యజమాని, మేడిసన్ స్క్వేర్ గార్డెన్ కంపెనీ, జట్టును అమ్మకానికి పెట్టింది. 2018 నుంచి మ్యాచ్‌లను వైట్ ప్లెయిన్స్‌లోని వెస్ట్‌చెస్టర్ కౌంటీ సెంటర్‌కి మార్చింది. అది మన్‌హట్టన్‌కి ఉత్తరాన సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో, 5 వేల మంది పట్టే పాత హాలు. ఆ ఏడాది సగటు హాజరు 3 వేల లోపుకి పడిపోయింది.

ఈ రెండు అంకెల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 2017లో గార్డెన్‌లో సగటు పది వేల దరిదాపుల్లో ఉంది. ఏడాది తిరిగేసరికి మూడు వేల లోపు. నగరం మారలేదు, ఆట మారలేదు, టీనా చార్ల్స్ లాంటి స్టార్ జట్టులోనే ఉంది. మారింది చిరునామా. ఆఫీసు అయ్యాక సబ్‌వే ఎక్కి వచ్చే మనిషి, పిల్లల్ని తీసుకుని వేరే రైలెక్కి ఊరవతలికి వెళ్లి రాత్రి పదింటికి తిరిగి రావాలంటే మానేస్తాడు. చిన్న హాలులో ఆడుతున్న జట్టు అంటే చిన్న జట్టే అన్న అభిప్రాయం స్పాన్సర్‌కీ పడిపోతుంది. ఆడవాళ్ల ఆటకు ఆదరణ లేదని తేల్చేసే ముందు, ఆ ఆటను ఎక్కడ పెట్టారో, ఏ వేళకి పెట్టారో అడగాలి.

2019 జనవరిలో జో సాయ్, క్లారా వూ సాయ్ దంపతులు జట్టును కొన్నారు. జో సాయ్ చైనా ఆన్‌లైన్ వ్యాపార సంస్థ అలీబాబా వ్యవస్థాపకుల్లో ఒకరు. పురుషుల బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని బ్రూక్లిన్ నెట్స్ జట్టులో అప్పటికే భాగస్వామి, అదే ఏడాది ఆ జట్టునూ అది ఆడే హాలు బార్‌క్లేస్ సెంటర్‌నూ పూర్తిగా తీసుకున్నారు. లిబర్టీ ధరను అధికారికంగా చెప్పలేదు కానీ కోటి నుంచి కోటీ నలభై లక్షల డాలర్ల మధ్య అని వార్తలు వచ్చాయి.

కొన్నాక తీసుకున్న పెద్ద నిర్ణయం 2020 నుంచి జట్టును బార్‌క్లేస్ సెంటర్‌కి తేవడం. బాస్కెట్‌బాల్‌కి 17 వేలకు పైగా సీట్లున్న హాలు. కింద అట్లాంటిక్ అవెన్యూ సబ్‌వే స్టేషన్, పక్కనే లాంగ్ ఐలాండ్ రైళ్ల టెర్మినల్. మూడు వేల మంది కూడా రాని జట్టును అంత పెద్ద హాలులో పెట్టడం మా వృత్తిలో ఎవరికైనా భయం పుట్టించే పని. ఖాళీ కుర్చీలు టీవీలో కనబడితే వచ్చే ఏడాది స్పాన్సర్ ఫోన్ ఎత్తడు. పైగా ఆ ఏడాది కరోనా వచ్చి, సీజన్ మొత్తం ఫ్లోరిడాలో ప్రేక్షకులు లేకుండా నడిచింది. డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, మొదటి పిలుపుతో తెచ్చుకున్న సబ్రీనా అయొనెస్కు మూడో మ్యాచ్‌లోనే చీలమండ దెబ్బతిని ఆగిపోయింది. 22 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండు.

నేను చూసిన చాలామంది యజమానులు అక్కడితో చేతులు దులుపుకునేవారు. వీళ్లు దులుపుకోలేదు.

పాసుల సంగతి

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక జిల్లా కేంద్రంలో మహిళల కబడ్డీ పోటీలు. నిర్వాహకులు స్కూళ్లకీ ఆఫీసులకీ నాలుగు వేల ఫ్రీ పాసులు పంచారు. మొదటి రోజు వచ్చింది ఆరు వందల మంది. రెండో రోజు ఒక తండ్రి తన కూతుర్ని తీసుకుని టికెట్ కౌంటర్‌కి వచ్చి ఎంత అని అడిగాడు. కౌంటర్‌లోని కుర్రాడు నవ్వుతూ, "ఊరికే వెళ్లిపోండి సార్, ఆడాళ్ల ఆటే కదా" అన్నాడు. ఆ పాపకి పదేళ్లుంటాయి. ఆ మాట విన్నాక దాని ముఖం ఎలా మారిందో ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. డబ్బు తీసుకోకపోవడంతోనే, ఇది చూడదగ్గది కాదని ఆ పిల్లకి మేమే చెప్పాం.

ఫ్రీ పాసుతో ఇంకో నష్టం కూడా ఉంది. కొన్న టికెట్ ఉంటే వాన పడినా వస్తారు, పాసు ఉంటే సీరియల్ వచ్చినా ఆగిపోతారు. పంచిన పాసుల్లో ఎన్ని లోపలికొచ్చాయో తెలియదు కాబట్టి స్పాన్సర్‌కి చూపించే లెక్కా ఉండదు. ఎవరు వచ్చారో పేరుండదు, ఫోన్ నంబర్ ఉండదు, వచ్చే ఏడాది పిలవడానికి దారుండదు.

డబ్ల్యూఎన్‌బీఏ జట్లకి గేటు వసూళ్లు ఎందుకంత ముఖ్యమో చూడండి. 2022లో లీగ్ 7.5 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకుంది. దాని తర్వాత లీగ్ యాజమాన్యంలో ఎన్‌బీఏ వాటా 42 శాతం, డబ్ల్యూఎన్‌బీఏ జట్ల యజమానులందరిదీ కలిపి 42 శాతం, కొత్త పెట్టుబడిదారులది 16 శాతం. అంటే టీవీ హక్కుల్లాంటి ఉమ్మడి ఆదాయంలో జట్లకి దక్కేది సగంలోపే. టికెట్లు, స్థానిక స్పాన్సర్లు, జెర్సీల అమ్మకం, వీటితోనే జట్టు తన ఇల్లు గడుపుకోవాలి. 2023లోనూ 2024లోనూ సొంతగడ్డ మీద ఆడే లీగ్ మ్యాచ్‌లు ఇరవై. ఎన్‌బీఏ జట్టుకి అవే నలభై ఒకటి. ఇరవై రాత్రుల్లో ఏడాదంతా సంపాదించాలి. ఒక్క రాత్రి పాసులతో నింపినా ఆ నష్టం పూడదు.

చిలుము రంగు, ఏనుగు

2024 జూన్‌లో జెర్సీ సిటీలో ఉన్న మా అక్క వాళ్లింటికి వెళ్లాను. ఒక సాయంత్రం అక్క పన్నెండేళ్ల కూతుర్ని తీసుకుని పాత్ అనే లోకల్ రైల్లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ దాకా, అక్కడి నుంచి సబ్‌వేలో అట్లాంటిక్ అవెన్యూ దాకా వెళ్లాం. స్టేషన్ మెట్లెక్కి బయటికి రాగానే ఎదురుగా హాలు. నేను వాచీ చూసుకున్నాను: రైలు దిగిన దగ్గర్నుంచి గేటు దాకా నాలుగు నిమిషాలు. వైట్ ప్లెయిన్స్‌కీ దీనికీ తేడా అంతా ఆ నాలుగు నిమిషాల్లో ఉంది.

చుట్టూ ఎక్కడ చూసినా ఒకటే రంగు. స్వేచ్ఛా విగ్రహం రాగిది కదా, ఏళ్ల తరబడి గాలికీ వానకీ చిలుము పట్టి లేత ఆకుపచ్చగా మారింది. ఆ చిలుము రంగునూ నలుపునూ కలిపి లిబర్టీ తన గుర్తుగా చేసుకుంది. పక్కన ఇంకే జట్టు జెర్సీ ఉన్నా వంద గజాల నుంచి లిబర్టీది పోల్చుకోవచ్చు. జెర్సీ అమ్మకం అక్కడే సగం గెలిచింది. విరామంలో దుకాణం దగ్గర వరసలో ఇరవై నిమిషాలు నిలబడ్డాం. మా ముందు నిలబడ్డ పెద్దావిడ వెలిసిపోయిన పాత జెర్సీలో ఉంది, వీపు మీద 11వ నంబర్, వెదర్‌స్పూన్ పేరు. గార్డెన్ రోజుల నుంచీ వస్తున్నానని, వైట్ ప్లెయిన్స్‌కీ వెళ్లానని చెప్పింది. ఇన్నేళ్ల తర్వాత ఇంత వరస చూస్తానని అనుకోలేదంది.

మా పిల్ల వచ్చింది ఆట కోసం ఎంతో, ఏనుగు కోసం అంత. "పిన్నీ, ఎల్లీ! ఎల్లీ!" అని నా చెయ్యి పట్టుకుని గుంజేసింది. ఎల్లీ అంటే జట్టు మస్కట్, పొడుగు జడేసుకున్న ఏనుగు. 2021లో తెచ్చారు. అంతకుముందు మేడీ అనే కుక్క బొమ్మ ఉండేది, దాని పేరు మేడిసన్ స్క్వేర్ నుంచి వచ్చింది. ఇల్లు మారాక ఆ పేరు పొసగదు. ఎల్లీ పేరు న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ఐలాండ్ నుంచి, ఏనుగు ఆలోచన 1884లో పీ.టీ. బార్నమ్ సర్కస్ ఏనుగుల్ని బ్రూక్లిన్ వంతెన మీద నడిపించిన ఘటన నుంచి. కొత్త వంతెన బలంగా ఉందని జనానికి నమ్మకం కలిగించిన ఊరేగింపు అది. బ్రూక్లిన్ కథలోంచే బొమ్మను తీశారు కాబట్టి బ్రూక్లిన్ దాన్ని తనదనుకుంది. ఎల్లీ నిజంగా నాట్యం చేస్తుంది, ఫ్యాషన్ బట్టలు వేస్తుంది, కొన్ని కంపెనీలు దానితోనే విడిగా ప్రచారాలు చేసుకుంటున్నాయి. ఆటగాళ్లకి గాయాలవుతాయి, వేరే జట్టుకి వెళ్లిపోతారు. మస్కట్‌కి ఆ భయం లేదు. మన పోటీల్లో మస్కట్ అంటే ఎండలో దిక్కులు చూస్తూ నిలబడే బొమ్మ వేషం. లోపల మనిషికి రోజు కూలీ ఇచ్చి వదిలేస్తాం. ఆ పని తెలిసిన కళాకారుడికి తగిన జీతం ఇస్తే ఏమొస్తుందో ఆ రాత్రి చూశాను.

జీతం పెంచడానికి వీల్లేనప్పుడు

ఈ కేసులో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇది. డబ్ల్యూఎన్‌బీఏలో జట్టు మొత్తం జీతాల మీద గట్టి పరిమితి ఉంది. యజమాని ఎంత శ్రీమంతుడైనా దాన్ని దాటి ఒక్క డాలర్ ఇవ్వలేడు. మరి మంచి ఆటగాళ్లను రప్పించేదెలా?

జీతం కాని వాటి మీద ఖర్చు పెట్టి. 2021 సీజన్ రెండో సగంలో లిబర్టీ యాజమాన్యం తమ ఆటగాళ్లను బయటి మ్యాచ్‌లకి ప్రత్యేక విమానాల్లో పంపింది. అన్ని జట్లూ మామూలు విమానాల్లోనే తిరగాలన్నది అప్పటి లీగ్ నిబంధన. డబ్బున్న జట్టుకి అదనపు లాభం రాకూడదని పెట్టుకున్నది. నిబంధన మీరినందుకు లిబర్టీకి 5 లక్షల డాలర్ల జరిమానా పడింది. సంగతి 2022లో పత్రికల్లోకి వచ్చింది.

నిబంధన మీరడాన్ని నేను సమర్థించను. చిన్న జట్ల యజమానుల బాధలో న్యాయం ఉంది. కానీ ఆరడుగులు దాటిన ఆటగాళ్లు ఎకానమీ సీట్లలో మోకాళ్లు ముడుచుకుని, కనెక్షన్ విమానం తప్పిపోయి విమానాశ్రయాల్లో పడుకుని, మర్నాడు మ్యాచ్ ఆడే పద్ధతి కూడా అన్యాయమే. జరిమానా వార్త బయటికొచ్చాక లీగ్‌లోని ప్రతి ఆటగాడికీ ఒకటి తెలిసింది: న్యూయార్క్‌లో మన ఒంటి గురించి ఆలోచించేవాళ్లున్నారు. 2024లో లీగే అన్ని జట్లకీ ప్రత్యేక విమానాలు మొదలుపెట్టింది, రెండేళ్లకి సుమారు 5 కోట్ల డాలర్ల ఖర్చుతో.

2023 మొదట్లో జాంక్వెల్ జోన్స్ ట్రేడ్‌లో, అంటే జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో వచ్చింది. బ్రెయనా స్టూవర్ట్, కోర్ట్నీ వాండర్‌స్లూట్ తమంతట తామే ఎంచుకుని వచ్చారు. స్టూవర్ట్ తనకి రాగల గరిష్ఠ జీతం వదులుకుని 1,75,000 డాలర్లకే సంతకం చేసింది. జీతాల పరిమితి ఉన్న చోట, ఒక స్టార్ అలా తగ్గించుకుంటే ఇంకో స్టార్‌కి చోటు దొరుకుతుంది.

ఆ ఏడాది 40 మ్యాచ్‌ల్లో 32 గెలిచి ఫైనల్స్‌కి వెళ్లి, లాస్ వేగస్ ఏసెస్ చేతిలో ఓడారు. సగటు హాజరు 7,700 పైచిలుకు. అంత మంది స్టార్లతో, అన్ని గెలుపులతో కూడా హాలు సగం నిండలేదన్నమాట. జనానికి అలవాటు పడాలి, దానికి సీజన్లు పడతాయి. టీవీని కూడా మరిచిపోలేదు. 2024లో స్థానిక ప్రసారాలను కేబుల్ చానల్ నుంచి ఫాక్స్ 5కి మార్చారు, అంటే యాంటెన్నా ఉన్న ఏ ఇంట్లోనైనా డబ్బు కట్టకుండా చూడొచ్చు. హాలులో సీటుకి ధర, ఇంట్లో చూడటానికి ఉచితం. నా లెక్కలో సరైన పద్ధతి అదే, మనం దాన్ని తిరగేసి చేస్తుంటాం.

2024

మే 18న బార్‌క్లేస్‌లో సీజన్ తొలి సొంత మ్యాచ్. ఎదురు జట్టు ఇండియానా ఫీవర్, అందులో కాలేజీ ఆటతోనే దేశమంతా పేరు తెచ్చుకుని కొత్తగా వచ్చిన కెయిట్లిన్ క్లార్క్. వచ్చినవాళ్లు 17,735 మంది, టికెట్ల వసూలు 20 లక్షల డాలర్లు దాటింది. అప్పటికి లీగ్ చరిత్రలో ఒక్క మ్యాచ్‌కి అదే రికార్డు. తలకి 110 డాలర్ల పైమాట. ఆరేళ్ల కిందట మూడు వేల మంది కూడా రాని జట్టు ఇది.

క్లార్క్ వల్ల వచ్చింది అదృష్టమే, అందులో దాచడానికేం లేదు. ఆ ఏడాది ఆమె వెళ్లిన కొన్ని ఊళ్లు పెద్ద హాళ్లు వెతుక్కున్నాయి. కొన్ని జట్లు ఆమె వచ్చినప్పుడు మాత్రం వేరే హాలు అద్దెకి తీసుకుని, మర్నాటి నుంచి మళ్లీ తమ చిన్న హాలులో ఆడుకున్నాయి. లిబర్టీకి ఆ అవసరం రాలేదు. పెద్ద హాలు, దాన్ని నడిపే సిబ్బంది, రంగు, ఏనుగు, ఫైనల్స్ ఆడిన జట్టు, అన్నీ అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. క్లార్క్ కోసం వచ్చినవాళ్లు తర్వాతి వారం లిబర్టీ కోసం వచ్చారు. సీజన్ సగటు 12 వేలు దాటింది.

అక్టోబర్ 20న ఫైనల్స్ సిరీస్‌లో అయిదోదీ ఆఖరుదీ అయిన మ్యాచ్. మిన్నెసోటా లింక్స్ మీద అదనపు సమయంలో 67-62తో గెలుపు, హాలులో 18,090 మంది. 27 ఏళ్ల తర్వాత తొలి కప్పు. నాలుగు రోజులకి మన్‌హట్టన్‌లో కాగితాల వానలో ఊరేగింపు. ఆ రాత్రి మా అక్క కూతురు ఫోన్‌లో ఏడుస్తూ మాట్లాడింది, నేనూ ఏడ్చాను.

ఆ తర్వాత లెక్కలు త్వరగా చెప్పేస్తాను. 2025 మార్చిలో బ్రూక్లిన్‌లోని గ్రీన్‌పాయింట్‌లో 8 కోట్ల డాలర్లతో సొంత శిక్షణ కేంద్రం కడతామని ప్రకటించారు, 75 వేల చదరపు అడుగులు. మే నెలలో జట్టులో కొంత వాటా కొత్త పెట్టుబడిదారులకి అమ్మారు. ఆ బేరంలో జట్టు మొత్తం విలువ 45 కోట్ల డాలర్లుగా కట్టారు, మన లెక్కలో 3,800 కోట్ల రూపాయల చిల్లర. కొన్న ధరకి ముప్పై రెట్లకు పైన, ఆరేళ్లలో.

అయితే ఈ 45 కోట్లను లాభంగా చదవకూడదు. అది వచ్చే ఏళ్ల మీద నమ్మకానికి కట్టిన వెల. 2026 నుంచి మొదలయ్యే 11 ఏళ్ల జాతీయ టీవీ ఒప్పందం 220 కోట్ల డాలర్లది, ఆ ఆశ ఈ వెలలో కలిసే ఉంది. హాలు, ఎన్‌బీఏ జట్టు, మహిళల జట్టు మూడూ ఒకే చేతిలో ఉండటం, నష్టాలు మోయగల అలీబాబా డబ్బు ఉండటం మామూలు యజమానికి సాధ్యమయ్యేవి కావు. మన మహిళల క్రికెట్ లీగ్ డబ్ల్యూపీఎల్‌లోనూ అయిదు జట్లలో మూడు ఐపీఎల్ యజమానులవే. తెలుగు రాష్ట్రాల నుంచి ఆ అయిదింట్లో జట్టు లేదు, మిథాలీ రాజ్‌ని ఇచ్చిన హైదరాబాద్‌కి ఇది చిన్న లోటు కాదు.

ఇంకొకటి, నన్ను బాగా కదిలించింది. అక్టోబర్ 20 రాత్రి కప్పు ఎత్తారు. మరుసటి రోజే, అక్టోబర్ 21న, ఆటగాళ్ల యూనియన్ పాత వేతన ఒప్పందం నుంచి ముందుగానే బయటికి వస్తున్నట్టు ప్రకటించింది. స్టూవర్ట్ ఆ యూనియన్ ఉపాధ్యక్షుల్లో ఒకరు. 2025లో లీగ్ కనీస జీతం 66,079 డాలర్లు, గరిష్ఠం 2,49,244. కొత్త జట్టు పెట్టాలంటే 25 కోట్ల డాలర్ల ప్రవేశ రుసుము పలికింది ఆ ఏడాదే. ఆ జులైలో ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ముందు ఆటగాళ్లంతా మాకు రావలసింది మాకివ్వండి అని రాసిన చొక్కాలతో కోర్టులోకి వచ్చారు. లిబర్టీ కథను యజమాని లాభంగా మాత్రమే చెప్పేవాళ్లు ఈ పేజీ చదవకుండా తిప్పేస్తున్నారు. జీతం తగ్గించుకుని వచ్చిన ఆటగాడు కూడా ఆ 45 కోట్లలో పెట్టుబడిదారే.

మొన్న ఒక మహిళల వాలీబాల్ పోటీకి బడ్జెట్ షీటు తయారు చేశాను. హాలు బస్టాండుకి నడిచి వెళ్లే దూరంలో ఉన్నది, అద్దె ఎక్కువే. టికెట్ 100 రూపాయలు, పిల్లలకి 40. పాసుల గడిలో సున్నా వేశాను. దాని కింద కొత్తగా ఒక వరస చేర్చాను: గేటు వసూళ్లలో ఆటగాళ్ల వాటా, 20 శాతం. నిర్వాహకులు ఆ వరస మీద పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం పెట్టి పంపారు. సోమవారం వాళ్లతో కూర్చుంటున్నాను.